216 రోడ్డు పట్టుకుని మన పాత ఓడరేవులు చూసి రావడం ఎలా: కాకినాడ నుంచి మోటుపల్లి దాకా

బీచ్ ట్రిప్ అనగానే మనవాళ్లు అయితే వైజాగ్ అంటారు, లేకపోతే గోవా అంటారు. రెండూ మంచివే, కాదనను. కానీ కాకినాడ నుంచి చీరాల దాకా మనకు ఒక తీరం ఉంది. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు పోటీపడి కొట్లు తెరిచిన ఊళ్లు, గోదావరి పాయలూ కృష్ణా పాయలూ సముద్రంలో కలిసే చోట్లు, పంటు (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే బల్లకట్టు) ఎక్కితే గానీ చేరలేని లంకలు, అన్నీ ఈ ఒక్క వరుసలోనే ఉన్నాయి. చాలామంది నేరుగా ఇసుక దగ్గరికి వెళ్లి, నాలుగు ఫొటోలు దిగి, మొక్కజొన్న పొత్తు తిని వెనక్కి తిరుగుతారు. అలా వెళ్తే ఏ బీచ్ అయినా ఒకటే.

నేను చెప్పే పద్ధతి ఇది: ముందు ఊరు చూడండి, తర్వాత పాత రేవు ఎక్కడుండేదో చూడండి, బీచ్‌కి ఆఖరున వెళ్లండి. ఇక్కడి రేవుల్లో చాలావాటిని నది తెచ్చిన ఒండ్రు పూడ్చేసింది, లేదా ఉప్పెన ఊడ్చేసింది, కొన్నిచోట్ల రెండూ జరిగాయి. ఆ సంగతి తెలిసి ఒడ్డున నిలబడితే సముద్రం ఊరికి అంత దూరంలో ఎందుకుందో మీకే అర్థమవుతుంది.

1. నెల చూసుకోండి

డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే టికెట్లు మార్చుకోవడమే మంచిది, ఎందుకంటే బీచ్‌లు మూసేస్తారు, పడవలు ఆపేస్తారు, లంకల్లోకి వెళ్లినవాళ్లు అక్కడే ఆగిపోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత ఎలా ఉంటుందో కోస్తావాళ్లకి చెప్పక్కర్లేదు. పైగా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల మీద వేట నిషేధం ఉంటుంది, అప్పుడు వెళ్తే హార్బర్లలో కట్టేసిన బోట్లే కనిపిస్తాయి, తాజా సముద్రపు చేప దొరకడం కష్టం.

కార్తీక మాసం సంగతి వేరే చెప్పాలి. కార్తీక పౌర్ణమికి, ఆ నెలలో వచ్చే ఆదివారాలకి సూర్యలంక, పేరుపాలెం, మంగినపూడి బీచ్‌లన్నీ జనంతో కిటకిటలాడతాయి. స్నానానికైతే సరే, ఊళ్లు చూడాలంటే ఆ రోజులు వద్దు. మాఘ మాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం జరుగుతుంది, అది చూడాలనే వెళ్తే రథోత్సవం తప్పకుండా చూడండి, కాకపోతే బస ముందే చూసుకోవాలి.

2. రోడ్డు: 216

కలకత్తా–చెన్నై హైవే 16 మీద వెళ్తే సముద్రం వాసన కూడా తగలదు. కత్తిపూడి దగ్గర దాన్ని వదిలి జాతీయ రహదారి 216 ఎక్కండి. పిఠాపురం, కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాకా తీరం వెంటే వెళ్తుంది. గోదావరి పాయలైన గౌతమిని ఎదుర్లంక దగ్గర, వైనతేయను పాశర్లపూడి దగ్గర, వసిష్ఠను చించినాడ దగ్గర, కృష్ణను పులిగడ్డ దగ్గర దాటుతారు. ఈ వంతెనల మీద కారు ఆపి ఫొటోలు తీయకండి, లారీలు ఆగవు. వంతెన దిగాక పక్క రోడ్డులోకి తిప్పితే ఏటిగట్టు వస్తుంది, అక్కడ నిదానంగా చూడొచ్చు.

సొంత కారో బైకో ఉంటే సుఖం. బస్సుల్లో కూడా చేయొచ్చు, కాకినాడకు, నరసాపురానికి, మచిలీపట్నానికి రైళ్లున్నాయి, బాపట్ల, చీరాల అయితే విజయవాడ–చెన్నై మెయిన్ లైన్ మీదే ఉన్నాయి. బీచ్‌ల దగ్గరికి మాత్రం ఊళ్లోంచి ఆటో మాట్లాడుకోవాలి. రానూపోనూ కలిపి, అక్కడ ఆగే టైముతో సహా ముందే బేరం తెంచండి, లేకపోతే సాయంత్రం తిరుగు ఆటో దొరక్క టెన్షన్. రాత్రి బసకు కాకినాడ, దిండి లేదా పాలకొల్లు, బందరు, బాపట్ల సరిపోతాయి. తీరిగ్గా చూడాలంటే ఐదు రోజులు పెట్టుకోండి.

3. పోటు, పాటు తెలుసుకుని బయల్దేరండి

దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ ఈ ట్రిప్ మొత్తానికి ప్రాణం ఇదే. నీరు ఎక్కడం పోటు, దిగడం పాటు, సుమారు ఆరు గంటలకోసారి మారుతుంది. అమావాస్య, పౌర్ణమి చుట్టూ పోటు బలంగా ఉంటుంది. కోరంగి మడ అడవుల్లో పాటు వేళ వెళ్తే కాలవలో నీళ్లకన్నా బురదే ఎక్కువ కనిపిస్తుంది, పడవ కదలదు. హంసలదీవి దగ్గర సాగరసంగమానికి ఇసుక మీద వెళ్లే దారిలోకి పోటు వేళ నీళ్లొస్తాయి. ఫోన్లో టైడ్ టైమింగ్స్ చూసుకోండి, కానీ రేవులో పడవ నడిపే సరంగునో చేపలు పట్టే పెద్దాయననో కూడా ఒకసారి అడగండి. "బాబాయ్, నీరు ఎప్పుడు తిరుగుద్ది?" అంటే చాలు, గాలి సంగతి కూడా కలిపి చెబుతారు.

4. కాకినాడ, కోరంగి

కాకినాడ బీచ్‌లో అలలు పెద్దగా ఉండవు. ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డుగా ఉంది, అదే కారణం. గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పెరిగిన దీవి అది, దాదాపు 16 కిలోమీటర్ల పొడవు. ఆ అడ్డు లేని ఉప్పాడ వైపు వెళ్లి చూడండి, సముద్రం రోడ్డునీ ఇళ్లనీ ఎలా కోసుకుపోతోందో కళ్లారా కనిపిస్తుంది. రాళ్లు పేర్చిన గట్టు మీదికి ఎక్కకండి, నాచు పట్టి జారుతుంది. ఉప్పాడలో జాందానీ చీరలు నేసే ఇళ్లున్నాయి, కొనకపోయినా మగ్గం చూసి రండి.

హోప్ ఐలాండ్‌కి బోట్లు రోజూ ఉంటాయని నమ్మి వెళ్లొద్దు. అటవీ శాఖవాళ్ల దగ్గర ముందురోజే కనుక్కోండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆంక్షలు ఉండొచ్చు, ఉండాలి కూడా. ఎక్కడైనా రాత్రిపూట తాబేలు కనిపిస్తే టార్చి వేయకండి, ఫ్లాష్ కొట్టకండి, వెలుతురుకి బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది.

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలోనే కోరంగి. మడ అడవిలో చెక్కల వంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి కనిపిస్తాయి చూడండి, అవి మడ చెట్ల వేళ్లే, గాలి పీల్చుకోవడానికి అలా పైకి వస్తాయి. పొద్దున్నే వెళ్తే పక్షులు, కాస్త అదృష్టం ఉంటే నీటికుక్కలు కనిపిస్తాయి. చాలామంది అడవి చూసి వెళ్లిపోతారు, కోరంగి ఊరి సంగతి అడగరు. ఒకప్పుడు ఇది పెద్ద ఓడరేవు, ఓడలు కట్టిన ఊరు. ఇక్కణ్నుంచి బర్మా వెళ్లినవాళ్లు ఎంతమందంటే, అక్కడ తెలుగువాళ్లందర్నీ కోరంగీలనే పిలిచేవారు. 1789లో ఒక ఉప్పెన, 1839లో మరొకటి వచ్చి ఆ రేవును తుడిచిపెట్టాయి. ఇప్పుడక్కడ చూపించడానికి కోటలూ గోడలూ లేవు. పక్కన తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే పని ఉంటే మాత్రం ఆగి చూడండి, ఆ చేతిపని అక్కడిదే.

5. యానాం, కోనసీమ, ఆ పంటు

యానాం చిన్న ఊరు, రెండు మూడు గంటలు చాలు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. గోదావరి ఒడ్డున సాయంత్రం నడవడానికి బాగుంటుంది. ఇక్కడ ఒక మాట: జనవరిలో వెళ్లి హోటల్లో పులస అడగొద్దు. పులస గోదావరికి వరద వచ్చే రోజుల్లో, జులై నుంచి సెప్టెంబరు దాకా, సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప. మిగతా కాలంలో ఆ పేరుతో పెట్టేది సముద్రపు విలస. విలస కూడా బాగానే ఉంటుంది, కానీ పులస డబ్బులిచ్చి తినక్కర్లేదు.

అంతర్వేదికి రాజోలు మీదుగా రోడ్డుంది. గుడి చూసుకుని, వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్లండి, అక్కడ ఏటి నీరు, సముద్రపు నీరు రంగులు తేడాగా కనిపిస్తాయి. అక్కడ నీళ్లలోకి దిగొద్దు, నది, సముద్రం కలిసేచోట కింద లాగుడు ఎక్కువ.

తిరిగి వచ్చేటప్పుడు చించినాడ వంతెన దాకా పోకుండా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కండి. కార్లు, బైకులు, కూరగాయల గంపలు, బడి పిల్లలు అందరూ ఒకే పంటు మీద అవతలి ఒడ్డుకు చేరతారు. కారు దింపేటప్పుడు పంటు మనుషులు చెప్పినట్టు చేయండి, సొంత తెలివి వద్దు. అవతలి ఒడ్డు మాధవాయిపాలెం. నరసాపురం పక్కనున్న ఈ చిన్న ఊరు పేరుతో మాదాపోలం అనే మెత్తటి నూలు గుడ్డ యూరప్‌లో ఇప్పటికీ అమ్ముడవుతోంది, ఇంగ్లీషు కంపెనీవాళ్లు ఇక్కణ్నుంచి గుడ్డ ఎగుమతి చేసిన రోజుల నుంచీ. ఊళ్లో దానికి గుర్తుగా ఒక బోర్డన్నా పెడితే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. నరసాపురంలో, చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతుంటారు. కొనాలనుంటే వాళ్ల దగ్గరే కొనండి, బేరం మరీ గట్టిగా ఆడకండి, అరచేతి వెడల్పు ముక్కకి ఎన్ని గంటలు పడుతుందో ఒక్క పది నిమిషాలు చూస్తే తెలుస్తుంది.

6. బందరు: ఇక్కడ తొందరపడొద్దు

ఈ ట్రిప్‌లో ఎక్కువ సేపు ఉండాల్సిన ఊరు మచిలీపట్నమే. గోల్కొండ రాజ్యానికి సముద్రం మీద తలుపు ఇదే. 1605లో డచ్చివాళ్లు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు వచ్చారు, ఫ్రెంచివాళ్లూ ఆ తర్వాత చేరారు. ఇప్పటికీ ఊళ్లో వలందపాలెం (డచ్చివాళ్లది), ఫరాసుపేట (ఫ్రెంచివాళ్లది), ఇంగ్లీషుపాలెం అనే పేటలున్నాయి, ఆటో అతన్ని అడిగితే ఏ మాత్రం ఆలోచించకుండా తీసుకెళ్తాడు.

పొద్దున ఏడింటికల్లా డచ్చివాళ్ల సమాధుల దగ్గర ఉండండి. టైము ఎందుకు చెబుతున్నానంటే, నేల మీద పరిచిన ఆ పెద్ద రాతి పలకల మీద అక్షరాలూ, వంశ చిహ్నాలూ ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి. ఏటవాలు ఎండలో ప్రతి అక్షరానికీ నీడ పడి స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం నడినెత్తి ఎండలో వెళ్తే ఒట్టి బండలే. చదవడానికని సుద్ద రాయడం, నీళ్లు పోసి రుద్దడం చేయకండి. మూడు వందల ఏళ్లకు పైగా ఎండకీ వానకీ తట్టుకున్న రాయి, మన చేత అరిగిపోకూడదు.

తర్వాత బందరు కోట. కోట అంటే బురుజులు ఊహించుకోకండి, శిథిలమైన పాత కట్టడాలు కొన్ని మిగిలాయి, అంతే. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుతో సముద్రం ఊరి మీద పడింది, దాదాపు 30,000 మంది పోయారు. రేవు అప్పటికే పూడుకుపోతోంది, ఆ దెబ్బ తర్వాత బందరు మళ్లీ పాత వైభవానికి రాలేదు. ఆ నేల మీద నిలబడి ఇది తలుచుకోకుండా రావడం నాకు చేతకాదు. ఇప్పుడు కొత్త పోర్టు పనులు జరుగుతున్నాయి, బీచ్ వైపు దారులు మారుతుండొచ్చు, ఊళ్లో అడిగి వెళ్లండి.

ఎండ ఎక్కాక పెడన పొండి, దాదాపు 10 కిలోమీటర్లు. కలంకారీ అచ్చు పని చూడ్డానికి. చాలా షెడ్లలో మర్యాదగా అడిగితే చూడనిస్తారు, ఫొటోకి మాత్రం మళ్లీ అడగండి. కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డను మెత్తటి పరుపు వేసిన బల్ల మీద పరుస్తారు. పనివాడు టేకు అచ్చును రంగు పళ్లెంలో ఒత్తి, గుడ్డ మీద గుర్తు చూసి పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తాడు. మళ్లీ పళ్లెం, మళ్లీ గుడ్డ, మళ్లీ దెబ్బ, ఆ లయ తప్పదు. నల్లరంగు ఇనుప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెడితే వస్తుంది. ఎర్రరంగుకి పటిక వేసి, తర్వాత ఉడకబెట్టాలి.

కొనేటప్పుడు ఇలా చూడండి. చేతి అచ్చు అయితే అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది, మీటర్ల కొద్దీ ఒక్క పొల్లు కూడా తేడా లేకుండా ఉంటే అనుమానించండి. సహజ రంగులు ఎరుపు, నలుపు, నీలం, ఆవపచ్చ వైపు నిదానంగా ఉంటాయి. కళ్లు జిగేల్మనిపించే గులాబీ, చిలకాకుపచ్చ ఉన్నాయంటే అవి రసాయన రంగులు, దానికి తగ్గ ధరే ఇవ్వండి.

సాయంత్రం మంగినపూడి బీచ్. ఇక్కడ కాలి కింద ఇసుకకన్నా నల్లటి ఒండ్రు ఎక్కువ, చాలా దూరం లోతు లేదు. లోతు లేదు కదా అని పిల్లల్ని వదిలేయొద్దు, 2004 సునామీలో ఇక్కడ స్నానాలు చేస్తున్నవాళ్లే పోయారు. బందరు లడ్డు రాత్రికి కొనుక్కోండి, రెండు మూడు రోజులు నిలవుంటుంది కాబట్టి దారికి పనికొస్తుంది.

7. దివిసీమ

బందరు నుంచి అవనిగడ్డ వెళ్లే దారిలో కాస్త పక్కకు తిరిగి ఘంటసాల చూడండి. క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో రోమన్ వ్యాపారం తెలిసిన ఊరు ఇది, పాతకాలపు గ్రీకు భూగోళ రచయిత టాలెమీ రాసిన కంటకొస్సిల ఇదేనంటారు. బౌద్ధ స్తూపం దిబ్బ, చిన్న మ్యూజియం ఉన్నాయి, గంటలో అయిపోతుంది. దగ్గర్లోనే కూచిపూడి కూడా.

అవనిగడ్డ, నాగాయలంక దాటితే నేల మీద మీ నమ్మకం కాస్త తగ్గుతుంది, ఎటు చూసినా నీరే. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఈ సీమలో వేలమంది పోయారు. అరవై దాటినవాళ్లు ఎవరైనా ఆ రాత్రిని చూసినవాళ్లే. మీరై మీరు అడగకండి. వాళ్లంతట వాళ్లు చెబితే ఫోను లోపల పెట్టి వినండి.

ఏటిమొగ నుంచి ఎదురుమొండి దీవికి పంటు ఉంటుంది. వెళ్లగానే ఆఖరి పంటు ఎన్నింటికో అడిగి పెట్టుకోండి. చిల్లర నోట్లు తీసుకెళ్లండి, సిగ్నల్ అందక ఫోన్ పే పనిచేయకపోవచ్చు. తాగే నీళ్లు మీరే మోసుకెళ్లండి, లంకల్లో భూమిలో నీరు ఉప్పగా ఉంటుంది, ఉన్న మంచినీళ్లు అక్కడివాళ్లకే చాలవు. ఆరేసిన వలల మీద కాలు పెట్టకండి. పడవలోకి ఎక్కేముందు చెప్పులు విప్పాలా అని అడగండి, చాలామంది పడవని గంగమ్మలా చూసుకుంటారు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి చూసి, పాలకాయతిప్ప దాటి సంగమం దాకా పోవాలంటే పాటు వేళ, వెలుతురు ఉండగానే వెళ్లి రండి.

8. సూర్యలంక, చీరాల, మోటుపల్లి

పులిగడ్డ వంతెన మీదుగా రేపల్లె, అక్కణ్నుంచి బాపట్ల. సూర్యలంక 9 కిలోమీటర్లు. ఇసుక బాగుంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి, అందుకే జనం లోపలికి పోతారు, అందుకే ప్రమాదాలూ. ఒడ్డున ఐదు నిమిషాలు నిలబడి చూడండి: అటూ ఇటూ తెల్లగా అలలు విరుగుతుంటే మధ్యలో నురగ లేకుండా నునుపుగా, ప్రశాంతంగా కనిపించే చోటు ఒకటుంటుంది. దిగడానికి అదే బాగుందనిపిస్తుంది, లోపలికి లాగేది అదే. అందులో పడితే ఒడ్డు వైపు ఈదొద్దు, అలిసిపోతారు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక తిరగండి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటొద్దు, మందు తాగినవాళ్లు అసలు దిగొద్దు. చీరాల దగ్గర వాడరేవు, రామాపురం బీచ్‌లకీ ఇదే మాట.

చీరాల చుట్టుపక్కల కుప్పడం చీరలు చూసుకున్నాక చినగంజాం వైపు, ఉప్పు మళ్ల మధ్యనుంచి మోటుపల్లి వెళ్లండి. ఇవాళ చూస్తే మామూలు పల్లెటూరు. వీరభద్రస్వామి గుడిలో రాతి స్తంభం మీద 1244 నాటి కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. తుఫాను కొట్టి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా పూర్వపు రాజులు లాగేసుకునేవారు, ప్రాణంకన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద సాహసం చేసి వచ్చే వర్తకుల మీద దయతో మేం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని అందులో ఉంది. ముప్పయ్యో వంతు సుంకం. కర్పూరం, చందనం, ముత్యాలు, పట్టు, దేనికెంతో కూడా రాయించాడు. మార్కో పోలో రాసిన ముట్ఫిలి రేవు ఇదే, ఇక్కడి సన్నటి గుడ్డని సాలెగూడుతో పోల్చాడాయన. గుడి తీసి ఉండే వేళకే వెళ్లండి, పూజారి గారితో ఫలానా శాసనం చూడ్డానికి వచ్చామండీ అని చెబితే సంతోషంగా చూపిస్తారు. వెళ్లేముందు శాసనం తెలుగు తాత్పర్యం ఫోన్లో దింపుకోండి, లేకపోతే ఆ లిపి మనకు అర్థం కాదు.

ఇంత తిరిగే వీలు లేదు, ఒక్క ఆదివారమే ఉంది అంటే మాత్రం విజయవాడ నుంచి బందరు బస్సు ఎక్కండి. పొద్దున సమాధులు, కోట, మధ్యాహ్నం పెడన, సాయంత్రం మంగినపూడి, రాత్రి బస్సుకి ఇంటికి. ఆదివారం పెడనలో కొన్ని షెడ్లు మూసి ఉంటాయి కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి, శనివారమైతే ఇంకా మంచిది.